చెల్లెలి చీలమండ

మా చెల్లెలు పడ్డప్పుడల్లా ముందు తిట్లు వచ్చేవి, ఆ తరువాతే మందు. తిట్లు అమ్మవి, మందు నాన్నది. నాన్న పోయాక ఆ రెండు శాఖలూ అమ్మే చూసుకుంటోంది. "కళ్ళు నెత్తికెక్కాయా? చూసి నడవలేవా?" అన్న మాట వినకుండా మా చెల్లెలికి ఒక్క నెల కూడా గడిచి ఉండదు. మెట్లు దిగుతూ పడేది, మెట్లు లేని చోటా పడేది. ఎవరూ తొయ్యకుండా, చేతిలో ఏమీ లేకుండా, నున్నటి గచ్చు మీద పాదం లోపలికి మడతపడి అలా కూలబడేది. చీలమండ ఉబ్బి బన్నురొట్టెలా అయ్యేది. నాన్న మా చెల్లెలికి బొంగరం అని పేరు పెట్టాడు. అసలు పేరు బడితోనే ఆగిపోయింది, లోకానికంతా అది బొంగరమే.

ఇప్పుడా బొంగరానికి నలభై దాటాయి. అమ్మా అదీ ఒక మేడ మీద మూడో అంతస్తులో ఉంటారు. నేను, మా ఆయన వెనక వీధిలో. రోజూ పని అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి, అమ్మతో కాసేపు గొడవపడి, టీ తాగి ఇంటికి వెళ్తాను. గొడవ లేని రోజు టీ సయించదు నాకు.

బొంగరం ఒక హోటల్లో వడ్డిస్తుంది. పెద్ద హోటలేమీ కాదు. పద్నాలుగు బల్లలు, వీధివైపు అద్దాలు, వంటగదికి అటూ ఇటూ ఊగే తలుపు. ఆ తలుపును బొంగరం వీపుతో నెట్టుకుంటూ వెనక్కి తిరిగి వస్తుంది, రెండు చేతుల్లో రెండు పళ్ళేలతో. అది నడుస్తుంటే చూడాలి. ఒక బల్ల దగ్గర ముసలాయన్ని "మందులేసుకున్నారా బాబాయ్?" అంటుంది, ఇంకో బల్ల దగ్గర పిల్లాడి ముక్కు తుడుస్తుంది, మూడో బల్ల దగ్గర మొగుడూ పెళ్ళాల తగువు తీరుస్తుంది. వేళకు తిండి దొరికే చోట్లు ఊళ్ళో ఇంకా నాలుగున్నాయి. జనం ఇక్కడికే వస్తారు. ఆ హోటలు యజమానురాలికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ ఓపిక పట్టింది.

కానీ ఈ ఏడు బొంగరం మరీ ఎక్కువ పడింది. ఆఖరిసారి వేడి సూపు పళ్ళెంతో సహా పడింది. సూపు వెళ్ళి ఒక పెద్దమనిషి ఒళ్ళో పడింది. ఆయన మంచివాడు కాబట్టి కేకతో సరిపెట్టుకున్నాడు. ఆయన తొడ ఎర్రగా కమిలింది. అదే ఏ చంటిపిల్ల మీదో పడి ఉంటే?

యజమానురాలు బొంగరాన్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పిందట. "నిన్ను పంపేయడానికి నాకు మనసొప్పదమ్మా. కానీ వేడి పళ్ళెం నీ చేతికివ్వడానికి ధైర్యమూ చాలట్లేదు. డాక్టరుకు చూపించు. కారణం ఇదీ, దీనికి మందు ఇదీ అని ఎవరైనా చెబితే, నయమయ్యేదాకా నీ బల్లలు నీకే ఉంచుతా. ఏ కారణమూ లేదంటే మాత్రం వెనక గిన్నెల దగ్గరికి మారిపో. అక్కడ పడ్డా ఎవరూ కాలరు."

గిన్నెల గది నేను చూశాను. కిటికీ లేదు. ఆవిరి, రెండు తొట్లు, గోడ. బొంగరం గోడతో ఏం మాట్లాడుతుంది? నోరు కట్టేస్తే చచ్చిపోయే మనిషి అది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, చీలమండకు గుడ్డ చుట్టుకుంటూ, "ఈసారి కూడా ఏమీ లేదంటే ఎలా అక్కా?" అంది.

"ఏమీ లేదంటే చూసి నడువు," అంది అమ్మ లోపలి నుంచి. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నడవలేక కాలి మీద నెడితే ఎలా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వూరుకో అమ్మా!" అని అరిచాను. నిజం చెప్పాలంటే నేనూ లోపల అలాగే అనుకుంటున్నాను. ఇంత వయసొచ్చింది, కాస్త చూసి నడవచ్చు కదా అని.

ఇంతకీ నేనేం చేస్తానో చెప్పలేదు కదూ. నేను ఎముకలు చేస్తాను. కంగారు పడకండి, నిజం ఎముకలు కావు. మా పెద్దాసుపత్రిలో, ఎక్స్‌రే గదులు దాటాక చివర మాదొక చిన్న గది. రోగికి స్కాన్ తీస్తారు. ఆ స్కాన్‌ని బట్టి మా మిషను తెల్లటి ప్లాస్టిక్కును పొర మీద పొరగా పోసి, ఆ రోగి ఒంట్లో ఉన్న ఎముకకు అచ్చుగుద్దినట్టు ఇంకో ఎముకను తయారుచేస్తుంది. డాక్టర్లు దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి చూసి, ఎక్కడ కోయాలో, ఎక్కడ మేకు దించాలో ముందే తేల్చుకుంటారు. మిషన్లోంచి వచ్చినప్పుడు అది ముళ్ళపందిలా ఉంటుంది. పోస్తున్నంతసేపూ కూలిపోకుండా చుట్టూ సన్నటి ఆసరా పుల్లలు పెట్టుకుంటుంది మిషను. ఆ పుల్లలు తుంచి, ఆకురాయితో గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, పసిపిల్ల బుగ్గలా నున్నగా చేసి ఇవ్వడం నా పని. ఆ పనంటే నాకిష్టం. కిటికీలోంచి ఎండ పడుతుంటుంది, ఒళ్ళో తెల్లటి పొడి రాలుతుంటుంది, ఎవరూ వచ్చి నా బుర్ర తినరు.

మిషను దగ్గర ఇంకొకాయన ఉంటారు. ఆయన్ని ఆసుపత్రిలో అందరూ నిదానం గారు అంటారు. "నిదానమే ప్రధానం" అన్న మాటను ఆయన మంత్రంలా పాటిస్తారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆయనకు కోపమనేది ఒంట్లో ఎక్కడుందో ఆయనకే తెలీదు. మేమిద్దరం ఒక గదిలో ఇన్నేళ్ళు ఎలా ఉన్నామని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు.

మా గదికొక పద్ధతుంది. ఎవరూ నేర్పింది కాదు, మాకు మేమే అలవాటు చేసుకున్నాం. చీలమండ లోపల ఒక ఎముక ఉంటుంది. కాలి ఎముకలు రెండూ కిందికి దిగి గుమ్మంలా నిలబడతాయి, ఆ గుమ్మంలోకి దూరి కూర్చునేది ఇదే. దాని నెత్తి వంపు తిరిగి గుండ్రంగా ఉంటుంది, అడుగంతా గుంటలూ సందులూ. ఆ సందుల్లో ఆసరా పుల్లలు పడితే పీకలేక నా ప్రాణం పోతుంది. అందుకని నిదానం గారు ఆ ఎముకను ఎప్పుడూ తలకిందులుగా పోస్తారు. అలా పోస్తే నెత్తి మిషను అడుగున ఉండే వేడి పీటకు ఆనుతుంది, ఆనిన చోట కాస్త అణుగుతుంది. ఆ అణుగును నేను ఆకురాయితో సరిచేసి గుండ్రంగా దించుతాను. ఏ చీలమండ వచ్చినా అంతే. చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది.

బొంగరాన్ని మా ఆసుపత్రికే తీసుకొచ్చాను. మా ఎముకల డాక్టరమ్మ నాకంటే చిన్నది, మాట తిన్నగా ఉంటుంది, చేతులు చల్లగా ఉంటాయి. బొంగరం పాదం పట్టుకుని అటూ ఇటూ ఆడించి, "ఇంత వదులేంటి?" అంది. ఎప్పటినుంచి పడుతున్నావని అడిగితే బొంగరం, "నడక వచ్చినప్పట్నుంచీ డాక్టరు గారూ. అంతకు ముందు పాకేదాన్ని, అప్పుడు పర్లేదు," అంది. డాక్టరమ్మ నవ్వింది. ఇంతకు ముందు రెండు చోట్ల వ్యాయామాలు చేయించారనీ, చేసినన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికొచ్చిందనీ నేను చెప్పాను.

"రెండు కాళ్ళకీ స్కాన్ తీద్దాం," అంది డాక్టరమ్మ. "పడీ పడీ పక్కన ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లు సాగాయి, అది తెలుస్తూనే ఉంది. కానీ మొదట ఎందుకు పడిందన్నది తేలాలి. లోపలి ఎముక ఆకారంలోనే తేడా ఉందనుకోండి, దానికొక దారి. ఎముక బాగుంటే ఇంకో దారి. మీ గదిలోనే రెండు చీలమండలూ చేసి పంపండి. వంపు నేను చేత్తో పట్టుకుని చూడాలి."

చెల్లెలి ఎముక నా చేతికొస్తోందంటే ఏదో ఒకలా అనిపించింది. దాని పుట్టినరోజుకు బహుమతి కొన్నట్టు ముస్తాబు చేద్దామనుకున్నాను. మొదట ఎడమ పాదానిది వచ్చింది, ఎక్కువగా పడేది ఆ పాదమే. చూస్తే నెత్తి మామూలు కంటే మరీ అణిగి ఉంది.

"ఏమిటండీ ఇది, నిదానం గారూ! పీటకేసి నలిపేశారా ఏంటి? చపాతీ చేశారు మా చెల్లెల్ని!" అని కసిరాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "పీట కొద్దిగా ఎక్కువ వేడెక్కిందేమోనమ్మా. చూస్తాను," అన్నారు.

"మీరు చూసేసరికి నాకు మనవలు పుడతారు," అన్నాను. కూర్చుని రుద్దాను. ముందువైపు దించాను, వెనకవైపు దించాను, మధ్యలో గుండ్రం తీసుకొచ్చాను. ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది. పూర్తయ్యాక కిటికీ దగ్గర పెట్టి చూసుకుంటే, అంత అందమైన చీలమండ నేను చేసిన వాటిల్లో లేదనిపించింది. మా చెల్లెలిది మరి!

రెండోది మిషనెక్కలేదు ఇంకా. డాక్టరమ్మ బొంగరాన్ని చూసే రోజు వచ్చేసింది. సరే, ఒక్కటే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె దాన్ని వేళ్ళతో నిమిరింది, కాలి ఎముకల నమూనాలోకి దూర్చి ఊపి చూసింది.

"చక్కగా ఉంది వంపు," అంది. "ఎముకలో దోషం లేదు. అదృష్టవంతులు, కోత అవసరం లేదు. వ్యాయామాలు మళ్ళీ మొదలుపెడదాం, ఈసారి మానకుండా చేయాలి. నడిచేటప్పుడు కాస్త జాగ్రత్తగా నడవండి."

నేను సంతోషించాను. ఎవరైనా సంతోషిస్తారు కదా. బొంగరం వైపు తిరిగి చూస్తే దాని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అలాగే డాక్టరు గారూ," అని లేచింది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. ఎప్పుడూ వాగే మనిషి చెప్పుల పట్టీలు సవరించుకుంటూ ఊరికే కూర్చుంది.

"కోత తప్పిందే పిచ్చిమొహమా, మొహం వేలాడేస్తావేం?" అన్నాను.

"జాగ్రత్తగా నడవమంది అక్కా. అమ్మ చెప్పిందే చెప్పింది. అంటే అమ్మ చెప్పిందే నిజమన్నమాట. నేనెంత చూసి నడుస్తానో నీకు తెలీదు. పళ్ళెం పట్టుకున్నప్పుడు నేల మీద పలక పలకా నాకు కంఠతా వచ్చు. ఇంకా ఎలా చూడను?"

మర్నాడు అది హోటలుకు వెళ్ళి, ఎముకలో ఏమీ లేదట అని దాచకుండా చెప్పేసి, వడ్డించే ఆప్రాను విప్పి మడతపెట్టి ఇచ్చేసిందట. గిన్నెల గదిలో రబ్బరు చెప్పులు ఇచ్చారు. గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఆ సాయంత్రం అమ్మ, "పోన్లే, నీడపట్టున పని," అంది. టీ తాగాను, కానీ సయించలేదు. ఇంట్లో గొడవకు కూడా ఉత్సాహం లేకుండా పోయింది.

ఆ తరువాత రెండో ఎముక వచ్చింది. డాక్టరమ్మ ఎలాగూ తేల్చేసింది కదా, ఇంకెందుకని నేను అన్నాను. నిదానం గారు, "జత అడిగారు కదమ్మా, జత ఇవ్వాలి," అన్నారు. ఆయన మొదలుపెట్టిన పని మధ్యలో ఆపడం ఆయన ఇంటావంటా లేదు. బల్ల మీద పెట్టి వెళ్ళారు. నేను పుల్లలు తుంచడం మొదలుపెట్టాను. నెత్తి మళ్ళీ అణిగి ఉంది. ఎడమది ఎలా ఉందో సరిగ్గా అలాగే.

"మళ్ళీ నలిపారు కదండీ! పీట సంగతి చూస్తానన్నారుగా?" అని ఆకురాయి అందుకున్నాను.

"పీట బాగు చేయమని చెప్పానమ్మా, ఇంకా ఎవరూ రాలేదు, సగమే పనిచేస్తోంది," అన్నారాయన తన కుర్చీలోంచి. "చోటు చాలక, దాన్ని పక్కకు పడుకోబెట్టి పోశాను. నీకు సందుల్లో పుల్లలు ఎక్కువొస్తాయి, ఏమనుకోకు."

నా చెయ్యి ఆగిపోయింది. పక్కకు పడుకోబెడితే నెత్తి పీటకు ఆనదు. ఆనకపోతే అణగదు. ఎముకను తిప్పి చూశాను. పీటకు ఆనిన చోటు పక్కన ఉంది, అక్కడ మామూలుగా ఎంత అణగాలో అంతే అణిగింది. నెత్తి మీద పీట మచ్చ గాని పుల్ల మచ్చ గాని లేదు. పొరలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అయినా చదునుగా ఉంది.

నేను రుద్దింది మిషను చేసిన తప్పును కాదు. మా చెల్లెలి ఎముకనే అరగదీసి, లేని వంపు తెచ్చి, అందంగా చేసి డాక్టరు చేతిలో పెట్టాను. దాన్ని గిన్నెల గదికి పంపించింది నేనే.

తల కొట్టేసినట్టయింది. ఆ ఎముకను గుప్పిట్లో పెట్టుకుని పరిగెత్తాను. నిదానం గారు వెనకనుంచి, "మెల్లగా, మెల్లగా, పడతావ్," అంటున్నారు. జీవితంలో మొదటిసారి ఆ మాట నా చెవికి ములుకులా తగిలింది.

డాక్టరమ్మ గది బయట జనం ఉన్నారు. నేను ఆగలేదు. రుమాలుతో చెమట తుడుచుకుంటూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె వినలేదేమో అనుకున్నాను, ఎందుకంటే నా వైపు చూడలేదు. ఎముక నెత్తి మీద బొటనవేలు ఆనించి అటూ ఇటూ రాస్తోంది. తరువాత స్కాన్ తెర మీదికి తెప్పించి, వంపు మీద గీత గీసి కొలిచింది. ఎడమదీ కొలిచింది, కుడిదీ కొలిచింది.

"రెండూ చదునే," అంది. "నేను స్కాన్‌లో పాత విరుగుళ్ళ కోసం వెతికాను. వంపును మీ గది చేసే బొమ్మలో చూద్దాంలే అని వదిలేశాను." తెర మీంచి నా వైపు తిరిగింది. "మీరు ఇంకెన్ని చీలమండలు ఇలా గుండ్రం చేశారు?"

"అన్నీ," అన్నాను. ఏడుపొచ్చింది.

ఆమెకు కోపం వచ్చింది. రావాలి కూడా. కానీ కేకలు వేయలేదు. పాత స్కాన్‌లన్నీ కొలిచి చూస్తానంది, ఇక నుంచి నెత్తిని తాకవద్దంది, ఎక్కడ ఏ వైపు రుద్దామో ఎముక మీద రంగు చుక్క పెట్టి పంపాలంది. ఆ పని తరువాత వారమంతా చేశాం. మిగతావాళ్ళ ఎముకలు మామూలువే, నేను తీసింది వెంట్రుకవాసి మందమే అని తేలాక నాకు నిద్రపట్టింది. తేడా వచ్చింది ఒక్క బొంగరం దగ్గరే. దానిది నిజంగా చదును కాబట్టి, ఒకటికి నాలుగింతలు రుద్దాను.

ఆ రోజు డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. నెత్తి గుండ్రంగా ఉంటే పైనున్న కాలి ఎముకలు దాన్ని పొదివి పట్టుకుంటాయి. చదునుగా ఉంటే ఆ పట్టు తక్కువ. ఎముక చేయాల్సిన పని లిగమెంట్లు చేయాలి, అవి ఎన్నాళ్ళని లాక్కొస్తాయి? చదునుగా ఉన్న వాళ్ళందరూ పడాలనేమీ లేదు, కానీ ఒకసారి మడతపడి లిగమెంటు సాగితే మళ్ళీ మళ్ళీ మడతపడటం ఇలాంటి వాళ్ళకు తేలిక. అందుకే వ్యాయామం ఒక్కటే నిలవలేదు. "సాగిన లిగమెంట్లు బిగించి, వాటికి తోడు గట్టి దారంలాంటి పట్టీ ఒకటి లోపల వేస్తాను. ఎముకను ముట్టుకోను. ఆ తరువాత వ్యాయామం చేస్తే ఈసారి నిలుస్తుంది. మడమ గట్టిగా పట్టే బూట్లు కూడా కావాలి," అంది.

"మళ్ళీ పళ్ళేలు మోస్తుందా?" అని అడిగాను.

"మోయనివ్వకపోతే ఇదంతా ఎందుకు?" అంది.

రెండు ఎముకలూ అడిగి తీసుకుని తిన్నగా మూడో అంతస్తుకు ఎక్కాను. ఎడమది నేను పాడుచేసింది కాకుండా, నిదానం గారు అప్పటికప్పుడు మళ్ళీ పోసింది. ఆయన అంత వేగంగా పనిచేయడం నేను చూడటం అదే మొదలు. బొంగరం గిన్నెల పని నుంచి వచ్చి, నీళ్ళకు నానిన వేళ్ళను టవల్లో దాచుకుని కూర్చుంది. రెండు ఎముకలూ దాని ఒళ్ళో పెట్టి, పక్కన ఒక మామూలు మనిషి ఎముక పెట్టాను.

"ఇది నీది. ఇదీ నీదే. ఇది లోకంలో అందరిదీ. వేలు పెట్టి చూడు."

చూసింది. దానిదీ, అందరిదీ, మళ్ళీ దానిదీ. నేను చెప్పుకుపోతున్నాను, డాక్టరమ్మ చెప్పింది, నేను చేసిన ఘనకార్యం, అన్నీ. అది వింటోందో లేదో తెలీదు. ఎముక మీంచి వేలు తీయకుండా, "నేను చూసే నడిచానక్కా," అంది. "నేను ఎప్పుడూ చూసే నడిచాను."

దాని పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి ముక్కులు చీదుకున్నాక అది నా వైపు తిరిగింది.

"అయితే నా ఎముకను గుండ్రంగా చెక్కింది నువ్వా? అంత పనిమంతురాలివి, ఆ ఆకురాయేదో బొమ్మకు కాకుండా నాకే పెట్టరాదూ? ఆపరేషన్ తప్పేది కదే!"

"నోర్ముయ్," అన్నాను. నవ్వాపుకోలేకపోయాను.

అమ్మ ఈలోగా ఎముకల్ని ఒక్కొక్కటే తీసి, వెలుతురుకు పట్టి చూస్తోంది. "నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాగా, దాని కాళ్ళలోనే ఏదో తేడా ఉందని," అంది గంభీరంగా.

"ఎప్పుడు చెప్పావమ్మా!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

"చెప్పలేదూ?" అంది. మా మొహాలు చూసింది. ఎముకను ఒళ్ళో పెట్టుకుని మెల్లగా, "ఇది నేను కన్నప్పటిదేనా?" అని అడిగింది. అవునమ్మా, దాని తీరే అంత, పెరిగేకొద్దీ అలా కుదురుకుంది, ఎవరి తప్పూ లేదు అన్నాను. అమ్మ బొంగరం పాదాన్ని లాగి తన మోకాలి మీద పెట్టుకుంది. "అయితే ఇన్నాళ్ళూ నేను తిట్టింది ఎముకనా?" అంది. "వినని దాన్ని ఎంత తిడితే ఏం లాభం?" అని చీలమండ చుట్టూ బొటనవేళ్ళతో రాయడం మొదలుపెట్టింది. బొంగరం గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో గొడవ లేదు, అయినా టీ బాగుంది.

మర్నాడు నేనే వెళ్ళి యజమానురాలికి ఎముకలు చూపించి అంతా చెప్పాను. ఆమె మాట మీద నిలబడే మనిషి. "కారణం దొరికింది కదా, బల్లలు దానివే," అంది. ఆపరేషన్ అయింది. కట్టు, కర్ర, ఆ తరువాత వ్యాయామాలు. ఒంటికాలి మీద నిలబడమంటే బొంగరం వంటింట్లో కొంగలా నిలబడి కూరగాయలు తరిగేది. పక్కన కూర్చుని అమ్మ లెక్కపెట్టేది, తప్పు లెక్కపెట్టేది, మళ్ళీ మొదట్నించీ నిలబెట్టేది. కొత్తగా ఒక విషయం గమనించాను. ఎవరింట్లోనైనా ఏ పిల్లో పడితే, "చూసి నడువు" అనే ముందు అమ్మ నోరు ఒక క్షణం ఆగుతోంది. ఆగి, ఆ తరువాత అంటోంది. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది?

బొంగరం మళ్ళీ పళ్ళెం పట్టుకునే రోజు వచ్చింది. అమ్మనూ నిదానం గారినీ వెంటబెట్టుకుని వెళ్ళి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఊగే తలుపు తెరుచుకుంది. మడమ గట్టిగా పట్టిన నల్లటి బూట్లు, వాటిలోంచి పైకి కనిపించే మేజోళ్ళు. నా కళ్ళు వాటిని వదల్లేదు. ఎడమ పాదం దిగింది, సరిగ్గా దిగింది. కుడి పాదం. మళ్ళీ ఎడమ. ముసలాయన బల్ల దగ్గర ఆగింది, తిరిగింది. చీలమండ లోపల ఆ చదునైన నెత్తి మీద కాలి ఎముకలు ఎలా కదులుతున్నాయో నాకు కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది. ఏ వైపు వాలితే ఏ లిగమెంటు లాగుతుందో, కొత్త పట్టీ ఎక్కడ ఆపుతుందో. అమ్మ కూడా బల్ల అంచు మీదుగా వంగి కిందికే చూస్తోంది. నిదానం గారు సరే సరి, ఆయన చూపు కూడా నేల మీదే ఉంది.

బూట్లు మా బల్ల దగ్గరికొచ్చి ఆగాయి. ఆగి అలాగే ఉన్నాయి.

"ఏం చూస్తున్నారు ముగ్గురూ?" అంది పైనుంచి బొంగరం గొంతు.

"ఏం లేదే," అన్నాను, ఇంకా కిందికే చూస్తూ.

"అక్కా, తలెత్తు."

ఎత్తాను.

"పుట్టినప్పట్నించీ అందరూ నా కాళ్ళే చూశారు. ఇంక చాలు. ఇక్కడికొచ్చినవాళ్ళు నా మొహం చూసి ఏం కావాలో చెప్పాలి. అదీ ఇక్కడి పద్ధతి."

నవ్వుతూనే అంది. దాని చేతిలో నిండు పళ్ళెం ఉంది, ఆవిరి మొహం మీదికి వస్తోంది, బుగ్గలు ఎర్రబడ్డాయి. మా చెల్లెలు ఇంత బాగుంటుందని నాకు ఇంతకు ముందు తట్టలేదు, నిజం.

"వేడిగా ఏదైనా తేవే," అంది అమ్మ దాని మొహంలోకి చూస్తూ. "అందరికీ."

"తెస్తా," అని బొంగరం చేతిలో పళ్ళెం పక్క బల్ల మీద దించి వెనక్కి తిరిగింది. మా వైపు తిరిగి, ఊగే తలుపును వీపుతో నెట్టుకుని లోపలికి వెళ్ళేదాకా మేం ముగ్గురం దాని మొహమే చూశాం.